పిల్లాడి కఫం దగ్గుకి యాంటిమ్ టార్ట్ 30 ఇవ్వొచ్చా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి నాలుగేళ్ళు. జలుబుతో మొదలై ఆరు రోజులుగా కఫం దగ్గు, రాత్రిళ్ళు ఛాతీలో గరగర, నిన్న తెల్లవారుజామున దగ్గి దగ్గి కఫంతో వాంతి. పిల్లల డాక్టరు పిల్లి కూతలు వినిపిస్తున్నాయని ఇన్‌హేలర్ రాశారు. అది అలవాటైపోతుందని మీ అత్తగారు భయపడి, తెలిసిన హోమియో డాక్టరు దగ్గర యాంటిమోనియం టార్టారికం 30, అదే యాంటిమ్ టార్ట్, తెచ్చారు, రోజుకి మూడుసార్లు నాలుగేసి మాత్రలు. అవి పనిచేస్తాయా, ఇన్‌హేలర్ ఆపి వాటితో చూడొచ్చా, ఎన్నాళ్ళు చూడొచ్చు, ఇదీ మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను, మీరు కంగారులో ఉన్నారు కాబట్టి. ఆ మాత్రలు వేస్తే బాబుకి హాని లేదు, మానేసినా పోయేదేమీ లేదు. ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. ఎన్నాళ్ళు చూడొచ్చు అన్నది బాబు ఊపిరి తీసే తీరు చెబుతుంది. అది ఎలా చూడాలో కింద వివరంగా రాస్తాను, ఈ సమాధానంలో మిగతాదంతా వదిలేసినా ఆ భాగం మాత్రం చదవండి.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఒక జిల్లా కేంద్రంలో పిల్లల డాక్టరుని. హోమియో అంటే నాకు చిన్నచూపు లేదు, ఆ పెట్టె పక్కనే పెరిగాను. మా నాన్నగారు బడిపంతులు. ఆదివారం పొద్దున అరుగు మీద చాప వేసుకుని, చెక్క పెట్టె తెరిచేవారు. గుంటల్లో వరసగా చిన్న గాజు సీసాలు, బిరడాల మీద సిరాతో పేర్లు. గుడివాడలో హోమియో కళాశాల ఉంది, రాజమండ్రి హోమియో కళాశాలకి అల్లు రామలింగయ్య గారి పేరే పెట్టారు, ఆయన సినిమాల్లో నవ్విస్తూనే హోమియో వైద్యం కూడా చేసేవారు. మన ఊళ్ళలో పంతుళ్ళూ పోస్టుమాస్టర్లూ ఇలా పైసా తీసుకోకుండా మందిచ్చిన తరం ఒకటుంది. వాళ్ళ మీద నాకు గౌరవం ఇప్పటికీ ఉంది.

నాన్నగారు అడిగే ప్రశ్నలు నాకు ఇంకా కంఠతా వచ్చు. దగ్గు రాత్రి ఎక్కువా, పగలా? పడుకుంటే పెరుగుతుందా? కఫం తీగలా సాగుతుందా, ముద్దగా పడుతుందా? దాహం ఉందా? ఛాతీలో గరగరమంటూ కఫం బయటికి రాకపోతే యాంటిమ్ టార్ట్. కదిలితే ఛాతీ పట్టేసే పొడి దగ్గుకి బ్రయోనియా. తీగలా సాగే కఫానికి కాలీ బైక్రోమికం. దగ్గుతో పాటు వికారం, వాంతి ఉంటే ఇపికాక్. పచ్చటి చిక్కటి కఫంతో, అమ్మ చంక దిగకుండా ఏడ్చే పిల్లలకి పల్సటిల్లా. మీ హోమియో డాక్టరు కూడా పుస్తకం ప్రకారం సరైన మందే ఎంచారు, అందులో లోపం పట్టను.

ఇప్పుడు ఆ సీసాలో ఏముందో చూద్దాం. యాంటిమ్ టార్ట్ అంటే యాంటిమొనీ అనే లోహంలాంటి మూలకం, పొటాషియం కలిసిన ఒక లవణం. పూర్వం ఇంగ్లీషు వైద్యంలో వాంతి చేయించడానికి వాడేవాళ్ళు. మన దేశంలో కాలా అజార్ జ్వరానికి దాన్నే సూదిమందుగా ఇచ్చేవారు. అది గుండెని దెబ్బతీసేది. 1920ల్లో కలకత్తాలో డాక్టరు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందు కనిపెట్టాక దాని అవసరం తగ్గింది. అంత విషం కదా మరి పిల్లాడికి ఎలా ఇస్తారంటే, ఆ 30 అన్న అంకెలోనే ఉంది సంగతి. ఒక వంతు మందుకి 99 వంతుల పాలచక్కెర కలిపి నూరతారు. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతుల్లో కలుపుతారు. నాలుగో మెట్టు నుంచి నీళ్ళూ ఆల్కహాలూ, ప్రతి మెట్టులోనూ గట్టిగా కుదుపుతారు. ఇలా 30 మెట్లు. చివరికి ఆ ద్రవాన్ని చక్కెర గుళికల మీద పోస్తారు. మీ చేతిలో ఉన్నవి అవే.

ఒక మెట్టుకి వంద రెట్లు చొప్పున 30 మెట్లకి ఒకటి పక్కన 60 సున్నాలు పడతాయి. పదమూడో మెట్టుకే ప్రపంచంలో సముద్రాలన్నీ కలిపినా ఒక్క చుక్క మందుని అంత పలుచన చెయ్యడానికి చాలవు. పన్నెండో మెట్టు దాటాక అసలు పదార్థం అణువు ఒక్కటి మిగలడం కూడా కష్టమే. అందుకే 30 పొటెన్సీ గుళికలో యాంటిమొనీ ఉండదు, చక్కెర ఉంటుంది. నాన్నగారితో ఈ లెక్క నేను ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో వేసి చూపించాను. ఆయన కాగితం మీద సున్నాలన్నీ మళ్ళీ లెక్కపెట్టి, "లెక్క సరే, జనానికి తగ్గుతోంది కదరా" అన్నారు.

తగ్గడం నిజమే. నేనూ కళ్ళారా చూశాను. అది ఎందుకు తగ్గుతుందో పిల్లల వార్డులో పనిచేశాక అర్థమైంది. జలుబుతో వచ్చే దగ్గు దాదాపు ఎప్పుడూ వైరస్ వల్లే వస్తుంది. పిల్లల్లో సగం మందికి 10 రోజుల్లో తగ్గుతుంది, పదిమందిలో తొమ్మిది మందికి 25 రోజుల్లోపు పోతుంది. తల్లులు మాత్రం నాలుగైదు రోజుల్లో తగ్గాలని ఎదురుచూస్తారు. ఐదో రోజు, ఆరో రోజు దగ్గు ముదిరి, నిద్ర లేక, అందరూ విసిగిపోయాక కొత్త మందు మొదలుపెడతారు. అప్పటికి దగ్గు శిఖరం ఎక్కి దిగడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఏ మందు చేతిలో ఉంటే దానికి పేరొస్తుంది, అది హోమియో గుళికైనా, నేను రాసే సిరప్ అయినా.

పిల్లల జలుబు, దగ్గు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకి హోమియో మందులు ఇచ్చి చూసిన ప్రయోగాలన్నిటినీ, వైద్య ప్రయోగాల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి పరిశీలించింది. 2022లో వచ్చిన ఆ సమీక్షలో 11 ప్రయోగాలు, 1813 మంది పిల్లలు ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర కన్నా హోమియో మాత్ర నయమని నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి అన్ని జబ్బులకీ కలిపి చూసి అదే మాట చెప్పింది. నా ఇన్నేళ్ళ అనుభవం కూడా దానికి భిన్నంగా లేదు.

మరి హాని లేని చక్కెర గుళికే కదా, ఇంత చెప్పడం దేనికి అంటారేమో. హాని మాత్రలో లేదమ్మా, ఆ మాత్ర వేసుకుంటూ గడిపే రోజుల్లో ఉంది. నాకు పదకొండేళ్ళప్పుడు మా వీధి చివర రైసు మిల్లులో గుమాస్తాగా చేసే ఒకాయన నాన్నగారి దగ్గరికి వచ్చేవాడు. కఫం దగ్గు. ఒక మందుకి తగ్గకపోతే ఇంకోటి, అలా రెండు నెలలు మార్చారు. పగలు కాస్త నయంగా ఉందండీ అనేవాడు మొహమాటానికి. ఒక సాయంత్రం మా అరుగు మీదే దగ్గి, తువ్వాలు మడత విప్పి చూపించాడు. తెల్ల తువ్వాలు మీద ఎర్రగా జీర. ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేస్తే టీబీ. ఆయన మందులు వాడి బతికాడు. కానీ ఆయన ఒళ్ళో ఆడుకున్న మనవరాలికి కూడా వచ్చింది. నాన్నగారు చాలా రోజులు ఆ ఇంటి ముందునుంచి బడికి వెళ్ళలేక చుట్టు తిరిగి వెళ్ళేవారు. పెట్టె మూసెయ్యలేదు, కానీ ఆనాటి నుంచి మూడు వారాలు దాటిన దగ్గుకి మందు ఇవ్వలేదు. ప్రభుత్వాసుపత్రికి చీటీ రాసి పంపేవారు. ఇప్పుడు ఆ గడువు రెండు వారాలే. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా, ముఖ్యంగా జ్వరం, బరువు తగ్గడం తోడైతే, ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితంగా చేస్తారు, మందులూ ఉచితమే. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా పాత దగ్గు ఉందా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. పిల్లలకి టీబీ ఎక్కువగా ఇంట్లోవాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది.

ఇక ఊపిరి లెక్క. బాబు నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా మీ ఒళ్ళో నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తండి. జ్వరం ఉంటే ఊపిరి ఎలాగూ వేగంగా ఉంటుంది, పారాసిటమాల్ ఇచ్చి తగ్గాక చూడండి. పొట్ట, ఛాతీ కలిసే చోట చూపు నిలపండి. ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. ఫోనులో గడియారం పెట్టుకుని నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యొద్దు, పిల్లల ఊపిరి ఒక లయలో ఉండదు. నాలుగేళ్ళ బాబుకి నిమిషానికి 40, అంతకన్నా ఎక్కువ ఉంటే అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఏడాది నిండి ఐదేళ్ళ లోపు పిల్లలందరికీ ఇదే లెక్క. రెండు నెలలు నిండి ఏడాది లోపు వాళ్ళకి 50, రెండు నెలల లోపు పసికందుకి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఈ లెక్కలనే మన ఆశా కార్యకర్తలూ ఏఎన్‌ఎంలూ వాడతారు. ఇది స్టెతస్కోపు లేకుండా న్యుమోనియాని, మనం నెమ్ము అనేదాన్ని, అనుమానించే దారి.

లెక్కతో పాటు డొక్కలు చూడండి. ఊపిరి లోపలికి తీసినప్పుడు పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోందా? మన అమ్మమ్మలు డొక్కలు ఎగరేస్తున్నాడు అనేది దీన్నే, అది చూసి వాళ్ళు పరుగున ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలం తిరిగినా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా, కుదురుగా ఉన్నప్పుడు కూడా ఊపిరి లోపలికి తీస్తూ గొంతులో కీచుమంటున్నా, తెల్లారేదాకా ఆగకండి. రాత్రి రెండైనా సరే బయలుదేరండి. కఫం రంగు మాత్రం పట్టించుకోకండి. పచ్చగా ఉంటే ఇన్ఫెక్షన్ ముదిరిందని యాంటీబయాటిక్ అడుగుతారు చాలామంది. వైరస్ దగ్గులో కూడా కఫం పచ్చబడుతుంది. వాంతిలో కఫం పడిందని కూడా భయపడొద్దు. ఈ వయసు పిల్లలకి ఉమ్మడం రాదు, మింగేస్తారు, కడుపు నిండాక వాంతిలో వెళ్ళిపోతుంది. వాంతి తర్వాత బాబు తేలిగ్గా పడుకున్నాడని మీరే రాశారు.

ఇన్‌హేలర్ సంగతి కాస్త ఎక్కువ రాయాలి, మీ ఇంట్లో గొడవంతా దాని మీదే కాబట్టి. గరగర అంటే పెద్ద గొట్టాల్లో కఫం కదిలే చప్పుడు. పిల్లి కూత అంటే చిన్న గొట్టాలు బిగుసుకుని, గాలి వదిలేటప్పుడు ఈల వేసినట్టు వినిపించేది. మీ డాక్టరు విన్నది రెండోది. దానికి ఆ గొట్టాల్ని వదులుచేసే సాల్బుటమాల్ కావాలి. ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో, అంటే ఒకసారి నొక్కితే వచ్చేదాంట్లో, 100 మైక్రోగ్రాములు ఉంటుంది. అదే మందు సిరప్‌గా 5 మిల్లీలీటర్ల చెంచాలో 2 మిల్లీగ్రాములు, అంటే ఇరవై పఫ్‌ల మందు. సిరప్ నోట్లో పోస్తే ఒళ్ళంతా తిరిగి, గుండె దడ పుట్టించి, ఆ తర్వాత ఊపిరితిత్తులకి చేరుతుంది. ఇన్‌హేలర్ అందులో ఇరవయ్యో వంతుతో నేరుగా అక్కడికే వెళుతుంది. అలవాటయ్యే గుణం ఇందులో లేదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ వాడాల్సి రావడం చూసి అలవాటు అనుకుంటారు. కళ్ళద్దాలు రోజూ పెట్టుకునేవాళ్ళని వాటికి అలవాటుపడిపోయారు అనం కదా.

వాడే తీరు మాత్రం సరిగ్గా ఉండాలి. నా దగ్గరికి ఇన్‌హేలర్ పనిచెయ్యలేదని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నేరుగా నోట్లో కొట్టేవాళ్ళే. పిల్లాడికి స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం, మాస్కు కావాలి. ఇన్‌హేలర్ బాగా కుదిపి, స్పేసర్‌కి తగిలించి, మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆనించి, ఒక్క పఫ్ కొట్టి ఐదారు ఊపిర్లు తియ్యనివ్వాలి. రెండో పఫ్‌కి మళ్ళీ కుదపాలి. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవకండి. తుడిస్తే లోపల ప్లాస్టిక్‌కి విద్యుదావేశం పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది.

ఇప్పుడు మీ అత్తగారు తెచ్చిన సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ చదవండి. 30 అనో 200 అనో ఉంటే పైన చెప్పినట్టు చక్కెరే. 3ఎక్స్ అని ఉంటే అది వేరు, అందులో అసలు పదార్థం వెయ్యో వంతు ఉంటుంది. అలాంటివి, ముఖ్యంగా ఆర్సెనిక్, యాంటిమొనీ పేర్లున్నవి, పిల్లాడికి వద్దు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ పళ్ళొచ్చే పిల్లలకి అమ్మే కొన్ని హోమియో మాత్రలు పరీక్షిస్తే, బెల్లడోనా అనే విషమొక్క పాలు ఒక్కో మాత్రలో ఒక్కోలా, కొన్నిట్లో లేబుల్ చెప్పినదానికన్నా బాగా ఎక్కువగా తేలింది. పేరు రాయని పొట్లాలు ఎవరిచ్చినా తీసుకోవద్దు, లోపల ఏముందో మీకూ తెలియదు, రేపు అవసరమైతే నాకూ తెలియదు.

క్యూ అని రాసిన మదర్ టింక్చర్లు, అంటే ఇలా పలుచన చెయ్యని మూల ద్రవాలు, మరో కథ. హోమియో దుకాణాల్లో దగ్గుకి జస్టీసియా అడతోడా క్యూ అని అమ్ముతారు. అది మన అడ్డసరమే. మా ఊళ్ళో పెరటి కంచెగా ఉండేది, తెల్లటి పువ్వులు పూసేది. అందులో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాని ఆధారంగానే కఫాన్ని పలుచన చేసే బ్రోంహెక్సిన్ తయారుచేశారు, డాక్టర్లు రాసే ఆంబ్రోక్సాల్ కూడా ఆ వంశంలోదే. అంటే ఇది ఉత్తుత్తి మందు కాదు, నిజంగా మూలిక రసం, పైగా ఆల్కహాల్‌లో. అందుకే పదేసి చుక్కలు అని ఎవరో చెప్పారని నాలుగేళ్ళ పిల్లాడికి పొయ్యకూడదు.

దగ్గు సిరప్‌ల కన్నా ఈ గుళికలే మేలని మీరు రాశారు. ఆ మాటలో నిజం ఉంది, కాదనను. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో దగ్గు సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉండటంతో పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకి కూడా మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే మళ్ళీ చెప్పింది. కాబట్టి సిరప్ మానేసినందుకు మీరు తప్పు చేసినట్టు అనుకోవద్దు.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వండి. రాత్రి దగ్గుకి కాస్త ఉపశమనం ఇస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఏడాది నిండని బిడ్డకి మాత్రం తేనె చుక్క కూడా వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. గోరువెచ్చని నీళ్ళు, పలచటి మిరియాల చారు, ఏది తాగితే అది, కొంచెం కొంచెంగా. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు. ఆవిరి పట్టొద్దు. వేడినీళ్ళ గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పిల్లల్ని నేను ప్రతి చలికాలం చూస్తాను. కర్పూరం నూనెలో కరిగించి ఛాతీకి రాయడం కూడా వద్దు, పిల్లాడు నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ రావచ్చు. స్నానం చేయించాక సాంబ్రాణి ధూపం పెడతారేమో మీ ఇంట్లో. ఈ నెల రోజులూ ఆపండి. దోమల చుట్ట, అగరొత్తి, గదిలో సిగరెట్టు, ఏ పొగైనా బిగుసుకున్న గొట్టాల్ని ఇంకా బిగిస్తుంది. దోమతెర కట్టండి.

అత్తగారితో మాత్రం గొడవ పెట్టుకోకండి. ఆవిడ మనవడి మీద ప్రేమతో బస్సెక్కి వెళ్ళి మందు తెచ్చారు. "మీరు తెచ్చిన మాత్రలూ వేద్దాం అత్తయ్యా, డాక్టరుగారి ఇన్‌హేలరూ కొడదాం, రాత్రి ఊపిరి మాత్రం మీరు లెక్కపెట్టాలి" అని ఆ పని ఆవిడకే అప్పజెప్పండి. డొక్కలు ఎగరెయ్యడం ఆవిడకి మీకన్నా బాగా తెలిసుంటుంది. హోమియో వేసేటప్పుడు ఇంగ్లీషు మందులు ఆపాలని ఎవరైనా అంటే, ఆ ఒక్క మాటకీ ఒప్పుకోకండి. మీ హోమియో డాక్టరుతో కూడా పిల్లి కూతల సంగతి, ఇన్‌హేలర్ సంగతి దాచకుండా చెప్పండి. నాకు తెలిసిన మంచి హోమియో డాక్టర్లు ఉన్నారు, ఆయాసం కనిపిస్తే వాళ్ళే మా దగ్గరికి పంపిస్తారు.

ఇది బాబుకి పిల్లి కూతలు రావడం మొదటిసారా, లేక ఇంతకుముందూ జలుబు చేసినప్పుడల్లా వచ్చాయా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గానీ, పుట్టినప్పటి నుంచి ఒంటి మీద దురద మచ్చలు గానీ ఉన్నాయా? ఈ రాత్రి బాబు నిద్రపోయాక ఒక నిమిషం లెక్కపెట్టి, ఆ అంకె, జ్వరం ఎంతుందో, ఈ రెండు ప్రశ్నలకి జవాబులూ రాయండి. నలభై, అంతకన్నా ఎక్కువ ఉంటే మాత్రం ఇక్కడ రాసి కూర్చోకండి, ముందు ఆసుపత్రికి వెళ్ళండి.